ముందు గాలి ఆడనివ్వండి: ఏసీ, హీటర్ ఫిల్టర్ల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల అమెరికా ఇళ్లలో కరెంటు బిల్లుల గురించి రాస్తూ చివర్లో ‘ఫిల్టర్ మార్చడం మర్చిపోకండి’ అని ఒక్క ముక్క అన్నాం. అంతే, దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు బిల్లుల మీద రాలేదు. అక్కడ చాలా ఇళ్లలో గదికో ఏసీ ఉండదు. ఇంటికంతటికీ, లేదా అంతస్తుకొకటి చొప్పున, తరచు అటిక్‌లోనో (పైకప్పు కింది ఖాళీ) బేస్‌మెంట్‌లోనో (నేలమాళిగ) ఒక పెద్ద మెషీన్ ఉంటుంది, దాన్నుంచి గోడల్లోకీ పైకప్పులోకీ డక్టులు పోతాయి, ఎండాకాలం చల్లగాలీ చలికాలం వేడిగాలీ ఆ దారినే వస్తాయి. గదుల్లోని గాలిని తిరిగి మెషీన్‌లోకి లాక్కునే దారిని రిటర్న్ అంటారు. ఫిల్టర్ ఉండేది ఆ దారిలోనే. దాని మీద మెర్వ్ అని ఒక నంబరుంటుంది, అది పెద్దదైతే ఇంకా సన్నటి దుమ్ముని పడుతుందని అర్థం. ఇంత తెలిస్తే కిందవన్నీ అర్థమవుతాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రశ్న ఒకటి చివర్లో ఉంది.

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. డిసెంబర్ వచ్చిందంటే మా బాబుకి తుమ్ములు, కళ్ల దురద. ఎవరో చెబితే స్టోర్‌లో అన్నిటికన్నా పెద్ద నంబరున్న ఫిల్టర్, మెర్వ్ 13, అంగుళం మందంది కొని పై అంతస్తు రిటర్న్‌లో పెట్టాం. అప్పట్నుంచీ అదే రకం వాడుతున్నాం. ఈ వేసవిలో పైన అసలు చల్లబడలేదు, ఒకరోజు అటిక్‌లో మెషీన్ దగ్గర రాగి గొట్టం మీద ఐసు గడ్డకట్టింది. వచ్చిన టెక్నీషియన్ ‘పాతబడింది, మొత్తం మార్చాలి’ అంటున్నాడు. పైన మెషీన్ 3 టన్నులది, రిటర్న్ ఒక్కటే, 20 × 20 సైజు. ఇదంతా ఫిల్టర్ వల్లేనా?
(ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: అయ్యుండొచ్చండీ. కొత్త మెషీన్ కొటేషన్ మీద ఇప్పుడే సంతకం పెట్టకండి.

మెషీన్ లోపల కాయిల్ ఉంటుంది, దాని గొట్టాల్లో బాగా చల్లటి గ్యాస్ తిరుగుతుంటుంది. గదిలోని వెచ్చటి గాలి దాని మీదుగా తగినంత పోతున్నంతసేపూ ఇబ్బంది లేదు. గాలి తగ్గిందంటే కాయిల్ సున్నా డిగ్రీల కిందకి దిగుతుంది, గాలిలోని తేమ దాని మీద ఐసుగా పట్టేస్తుంది, ఆ ఐసు మిగిలిన కాస్త దారినీ మూసేస్తుంది, ఇక పై గదులకి చల్లదనం ఎక్కణ్ణుంచి వస్తుంది? అయితే గ్యాస్ లీకై తగ్గినా ఇలాగే ఐసు కడుతుంది కాబట్టి ఐసు చూసి కారణం చెప్పేయలేం. తేల్చుకోవడం మాత్రం కష్టం కాదు. మళ్లీ ఐసు కనబడితే థర్మోస్టాట్‌లో కూలింగ్ ఆఫ్ చేసి ఫ్యాన్ ఒక్కటే ఆన్‌లో పెట్టండి, ఐసు పూర్తిగా కరగడానికి కొన్ని గంటలు పడుతుంది, ఆ నీళ్లు అటిక్‌లో కింద ఉన్న ట్రే దాటి పొర్లకుండా ఒకసారి ఎక్కి చూడండి. తర్వాత ఆ ఫిల్టర్ తీసేసి మామూలు మెర్వ్ 8 కొత్తది పెట్టి నడపండి. ఐసు రాకుండా చల్లబడిందా, గాలి సరిగా అందకపోవడమే కారణం. మళ్లీ ఐసు కట్టిందా, గ్యాస్ లీకో, కాయిల్‌కి మట్టి పట్టడమో, బ్లోయర్ (గాలిని లాగి తోసే ఫ్యాన్) పాడవడమో ఉంటుంది, అప్పుడు ఇంకో టెక్నీషియన్‌ని పిలవండి.

పిలిచినప్పుడు ‘స్టాటిక్ ప్రెషర్ కొలుస్తారా?’ అని అడగండి. మెషీన్‌కి ముందూ వెనకా చిన్న రంధ్రాలు పెట్టి మీటరుతో చూసే పని, ఎక్కువసేపు పట్టదు. ఇళ్లలో వాడే మెషీన్లు చాలావరకు 0.5 అంగుళాల నీటిమట్టం ఒత్తిడికి తయారైనవి, అంతకన్నా బాగా ఎక్కువ చూపిస్తే బ్లోయర్ గాలిని లాగలేక అవస్థ పడుతోందన్నమాట. ఇది కొలవకుండానే మెషీన్ మార్చాలనేవాడి మాట నేనైతే నమ్మను.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. ఏసీకి టన్నుకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి, మీ 3 టన్నులకి 1200. 20 × 20 అంటే 400 చదరపు అంగుళాలు, 2.8 చదరపు అడుగులు అనుకోండి. ఆ కిటికీలోంచి 1200 పోవాలంటే గాలి నిమిషానికి 430 అడుగుల వేగంతో పరిగెత్తాలి. అంగుళం ఫిల్టర్‌కి 300 దాటకుండా ఉంటే మంచిదని ఈ పనిలో ఉన్నవాళ్లు చెబుతారు. అంటే మీ రిటర్న్ మొదట్నుంచే చిన్నది. పల్చటి ఫిల్టర్ ఉన్నన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చింది, దట్టమైనది పెట్టేసరికి మాస్కు మీద మాస్కు వేసుకుని మెట్లెక్కినట్టయింది దాని పని.

అలాగని మెర్వ్ 13 చెడ్డదని కాదు. మెర్వ్ అనేది ఫిల్టర్ ఎంత చిన్న రేణువుని ఎంతవరకు పట్టగలదో చెప్పే కొలత, 1 నుంచి 16 వరకు ఉంటుంది. మెర్వ్ 8 అయితే 3 నుంచి 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుల్లో కనీసం 70 శాతం పట్టాలి, మెర్వ్ 11 అయితే 85, మెర్వ్ 13 అయితే 90. చూశారా, పెద్ద రేణువుల దగ్గర 11కీ 13కీ మధ్య తేడా కొంచెమే. అసలు తేడా 0.3 నుంచి 1 మైక్రాన్ మధ్య, అంటే పొగలాంటి సన్నటి వాటి దగ్గర, అక్కడ మెర్వ్ 11 కనీసం 20 శాతం పడితే 13 కనీసం 50 పడుతుంది. మీ బాబుకి డిసెంబర్లో మొదలవుతోందంటున్నారు, టెక్సస్‌లో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సీడార్ పుప్పొడి సీజన్. అదే అయితే పుప్పొడి రేణువులు పెద్దవి, చాలావరకు 10 మైక్రాన్లకి పైనే, వాటికోసం 13 దాకా పోనక్కర్లేదు. మెర్వ్ 8తో ఐసు పోయాక కావాలంటే అంగుళం మెర్వ్ 11 పెట్టి చూడండి, ఏ అలర్జీయో మాత్రం డాక్టర్ చేత తేల్చుకోండి. పుప్పొడి బరువైనది కాబట్టి రిటర్న్ దాకా రాకుండానే నేల మీదా పరుపు మీదా వాలిపోతుంది, బయట ఆడుకుని రాగానే స్నానం, ఆ రోజుల్లో కిటికీలు మూసి ఉంచడం, వాడు పడుకునే గదిలో ఒక చిన్న హెపా ప్యూరిఫయర్ (గాలిని వడగట్టే మెషీన్), వీటి వల్ల వచ్చే తేడా ఫిల్టర్ నంబరు పెంచితే రాదు.

ఖచ్చితంగా 13 కావాలంటే దారి ఉంది. మెషీన్ దగ్గర 4 లేదా 5 అంగుళాల మందం ఫిల్టర్ పట్టే పెట్టె కట్టించుకోవచ్చు, అందులో మడతలు లోతుగా ఉంటాయి కాబట్టి కాగితం విస్తీర్ణం కొన్ని రెట్లు ఎక్కువ, గాలి సులువుగా పోతుంది, ఆరు నెలల నుంచి ఏడాది దాకా వస్తుంది కూడా. లేదంటే పైన ఇంకో రిటర్న్ పెట్టించండి. రెండోది అయితే మీ 430 కాస్తా 215 అవుతుంది. ఏది చేసినా మొత్తం మెషీన్ మార్చేదానికన్నా బాగా తక్కువలోనే అయిపోతుంది. అటిక్ పెట్టె కట్టించుకుంటే మాత్రం రిటర్న్ జాలీ దగ్గరున్న పాత ఫిల్టర్ తీసేయండి, ఒకే దారిలో రెండు ఉండకూడదు.

ప్రశ్న: అత్తయ్యగారూ మామయ్యగారూ ఆరు నెలలకని వచ్చారు. రోజూ పొద్దున్న, సాయంత్రం అగరబత్తులు, శుక్రవారం సాంబ్రాణి, ఇక తిరగమోతలూ వేపుళ్లూ సరేసరి. మూడు నెలలకి మార్చే ఫిల్టర్ నెలకే నల్లగా అయిపోతోంది, బట్టల అల్మారాల్లో కూడా పోపు వాసన. పెద్దవాళ్లని మానేయమని చెప్పలేను, చెప్పాలని కూడా లేదు. పెద్ద నంబరు ఫిల్టర్ పెడితే వాసన పోతుందా?
(ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: పోదు. ఫిల్టర్ పట్టేది రేణువుల్ని, వాసన వాయువు, అది కాగితంలోంచి హాయిగా వెళ్లిపోతుంది. బొగ్గు పొర ఉన్న ఫిల్టర్లు అమ్ముతారు, కానీ అంగుళం ఫిల్టర్‌లో ఉండే ఆ పల్చటి పొర మన తిరగమోతకి ఎన్నాళ్లు ఆగుతుంది చెప్పండి, కొన్నాళ్లకే నిండిపోతుంది.

మీరు చూడాల్సింది పొయ్యి పైన. చాలా ఇళ్లలో పొయ్యి మీద మైక్రోవేవ్ బిగించి ఉంటుంది, దాని కింద ఫ్యాన్ ఉంటుంది, అది మోత మోగుతూ తిరుగుతుంది కానీ చాలాచోట్ల ఆ గాలిని బయటికి పంపదు, పైన ఉన్న సందుల్లోంచి తిరిగి మీ మొహం మీదకే వదులుతుంది. ఫ్యాన్ వేసి ఆ సందుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, గాలి తగిలిందా, మీది ఆ బాపతే. బయటికి గొట్టం ఉన్న హుడ్ పెట్టించుకోవడం ఖర్చే, అయినా మన వంట వండే ఇంటికి గ్రానైట్ కౌంటర్ కన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు అది. పెట్టించేదాకా వంట మొదలుపెట్టే ముందే వంటింటి కిటికీ తెరిచి, ఆ కిటికీలో గాలి బయటికి పోయేలా ఒక ఫ్యాన్ పెట్టండి. వేపుళ్లు వెనక పొయ్యి మీద పెట్టుకుంటే హుడ్‌కి బాగా అందుతుంది. గరాజ్‌లోనో పెరట్లోనో రెండో పొయ్యి పెట్టుకున్న కుటుంబాలు మీ ఊళ్లోనే ఉంటాయి, పెరట్లో అయితే పర్వాలేదు, గరాజ్ తలుపు మూసి గ్యాస్ పొయ్యి వెలిగించడం మాత్రం వద్దే వద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

అగరబత్తి సంగతికొస్తే, దాని మసి చాలా సన్నటిది. ఫిల్టర్ నల్లబడటానికి అదే పెద్ద కారణం అయ్యుంటుంది. పూజ గది రిటర్న్ జాలీకి దగ్గరగా ఉందేమో చూసుకోండి, ఉంటే ఆ పొగ నేరుగా ఇల్లంతా పంచబడుతోంది. అగరబత్తి వెలిగించే కాసేపు గది కిటికీ కొద్దిగా తెరిచి పెట్టండి, రెండు బదులు ఒకటి వెలిగించమంటే అత్తయ్యగారు కాదనరు. సాంబ్రాణి రోజున స్మోక్ అలారం మోగుతోందని దాని బ్యాటరీ తీసేసే అలవాటు మనవాళ్లలో ఉంది, అది మాత్రం చేయకండి.

ఈ ఆరు నెలలూ మెర్వ్ 11 పెట్టి, ఏసీ గాలి జోరు తగ్గలేదని చూసుకుని, నెలకొకసారి మార్చేయండి. డబ్బా మీద మూడు నెలలని రాసి ఉన్నా అది మీ వంటింటిని చూసి రాసింది కాదు. వంట, పూజ అయ్యాక ఒక గంట ఫ్యాన్ ఆన్‌లో పెడితే మిగిలిన పొగ కొంత ఫిల్టర్‌కి చేరుతుంది.

ప్రశ్న: 20 × 25 × 1 అని కొన్న ఫిల్టర్‌ని టేపుతో కొలిస్తే అర అంగుళం తక్కువ వచ్చింది. మోసమా? ఇంకో స్టోర్‌లో మెర్వ్ బదులు ఎఫ్‌పీఆర్ అని వేరే నంబర్లున్నాయి.
(ఒక పాఠకుడు, కేరీ, నార్త్ కరోలినా)

జవాబు: మోసం కాదు. పెద్దక్షరాలతో రాసేది పిలుపు సైజు, పక్కనే చిన్నక్షరాల్లో అసలు కొలత ఉంటుంది, 19.5 × 24.5 × 0.75 అలా. పాత ఫిల్టర్ అంచు మీద పెద్దగా రాసిన నంబరే కొనండి. పెట్టాక చుట్టూ వేలు పట్టేంత సందు ఉంటే మాత్రం తప్పు సైజు, గాలి ఫిల్టర్‌ని తప్పించుకుని ఆ సందులోంచే పోతుంది, ఇక మెర్వ్ ఎంతుంటే ఏం లాభం.

ఎఫ్‌పీఆర్ అనేది హోమ్ డిపో స్టోర్ల సొంత కొలత, 4 నుంచి 10 వరకు ఉంటుంది. ఎంపీఆర్ అనేది ఫిల్టర్లు చేసే 3ఎమ్ కంపెనీ వాళ్లది, వందల్లో వేలల్లో ఉంటుంది. ఎంపీఆర్ 1000 సుమారు మెర్వ్ 11, 1900 సుమారు మెర్వ్ 13. డబ్బా మీద ఎక్కడో మెర్వ్ కూడా వేస్తారు, అదే చూసుకుని కొనండి.

ప్రశ్న: నేను గుంటూరు నుంచి మా అబ్బాయి దగ్గరికి డల్లాస్ వచ్చాను. ఇక్కడ ఫిల్టర్లు మూడు నెలలకొకసారి పారేస్తున్నారు. నేను పెరట్లోకి తీసుకెళ్లి దులిపి, వాక్యూమ్ కొట్టి మళ్లీ పెడుతున్నాను. ‘నాన్నా అలా చేయకూడదు’ అంటాడు. ఇంత దుబారా ఎందుకండీ?
(ఒక పాఠకుడు)

జవాబు: మీ బాధ అర్థమైంది, పారేయడానికి నాకూ చెయ్యి రాదు. కానీ ఈ విషయంలో మీ అబ్బాయి మాటే నిజమండీ. దులిపితే పోయేది పైపై దూదీ వెంట్రుకలూ, సన్న దుమ్ము కాగితం పోగుల లోపలికి వెళ్లి కూర్చుంటుంది, అది రాదు. వాక్యూమ్ గట్టిగా కొడితే పోగులు చిరుగుతాయి. నీళ్లతో కడిగితే ఇంకా ఘోరం, చాలా ఫిల్టర్లలో దుమ్ముని ఆకర్షించడానికి పోగులకి స్టాటిక్ ఛార్జ్ ఇచ్చి ఉంటారు, తడిస్తే అదీ పోతుంది, సరిగా ఆరకపోతే బూజు పడుతుంది. కడుక్కుని వాడేవి విడిగా అమ్ముతారు, అవి వాడొచ్చు గానీ సన్న దుమ్ము పట్టడంలో చాలావరకు బలహీనమే. దుబారా తగ్గించాలంటే ఒక పెట్టె మొత్తం కొనమనండి, విడిగా కన్నా చౌక. మార్చిన రోజు తారీకు ఫిల్టర్ అంచు మీద పెన్నుతో మీరు రాయండి, ఆ ఇంట్లో ఆ పని గుర్తుపెట్టుకునేది మీరొక్కరే అని నా అనుమానం.

ప్రశ్న: మా ఫర్నేస్ (గ్యాస్‌తో గాలిని వేడిచేసే హీటర్) బేస్‌మెంట్‌లో ఉంది. కాసేపు మండి ఆగిపోతోంది, మళ్లీ మండుతోంది, ఇల్లు మాత్రం వెచ్చబడదు. గ్యాస్ ఆదా అవుతుందని వాడని రెండు గదుల వెంట్లు (గదిలోకి గాలి వచ్చే జాలీలు) మూసేశాం. ఫిల్టర్ బాణం ఎటుండాలో కూడా చెప్పండి.
(ఒక పాఠకుడు, నేపర్‌విల్, ఇల్లినాయ్)

జవాబు: బాణం ఫర్నేస్ వైపు, గాలి పోయే వైపు. గదుల వైపు కాదు.

ఇక ఆ ఆగి ఆగి మండటం. ఫర్నేస్ లోపల వేడెక్కే లోహపు గది మీదుగా గాలి సరిగా పోకపోతే అది మరీ వేడెక్కుతుంది, అప్పుడు లిమిట్ స్విచ్ అనే రక్షణ స్విచ్ మంటని ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ వెలుగుతుంది. మొదటి అనుమానం నిండిపోయిన ఫిల్టర్ మీదే, రెండోది మీరు మూసిన వెంట్ల మీద. వెంట్లు మూస్తే ఆదా అవుతుందనేది అందరూ నమ్మేదే, కానీ ఆ గాలి పోవడానికి దారి లేక మెషీన్ మీదే ఒత్తిడి పడుతుంది. అన్నీ తెరవండి, రిటర్న్‌కి అడ్డంగా సోఫా గానీ పరుపు గానీ ఉంటే జరపండి, కొత్త ఫిల్టర్ పెట్టండి. అయినా మారకపోతే టెక్నీషియన్‌ని పిలవాల్సిందే, ఆ స్విచ్‌తో ఆటలు వద్దు. ఏళ్ల తరబడి ఇలా వేడెక్కితే లోపలి లోహం పగిలే ప్రమాదం ఉంది, అందుకని ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఇండియాకి వెళ్లేటప్పుడు హీటర్ పూర్తిగా ఆపేసి వెళ్లేవాళ్లున్నారు, మీ చలిలో నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి, 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గించకండి.

ప్రశ్న: ఫ్యాన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే గాలి 24 గంటలూ ఫిల్టర్ అవుతుందని ఒక మిత్రుడన్నాడు. అలా పెట్టాక ఇల్లు జిగురు జిగురుగా ఉంటోంది.
(ఒక పాఠకుడు, షుగర్ ల్యాండ్, టెక్సస్)

జవాబు: మీ మిత్రుడు అన్నది నిజమే, ఫ్యాన్ తిరిగితేనే ఫిల్టర్ పనిచేస్తుంది. కాకపోతే ఆయన ఏ పొడి ఊళ్లో ఉంటారో అడగండి. హ్యూస్టన్ చుట్టుపక్కల ఏసీకి చల్లబరచడంతో పాటు తేమ పిండటం పెద్ద పని. కూలింగ్ ఆగాక కూడా ఫ్యాన్ తిరుగుతుంటే కాయిల్ మీద నిలిచిన నీళ్లు కిందకి కారేలోపే ఆవిరై మళ్లీ ఇంట్లోకే వస్తాయి. థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ని ‘ఆటో’ మీద పెట్టుకోండి, అప్పుడు మెషీన్ నడిచేటప్పుడే ఫ్యాన్ తిరుగుతుంది. కొన్ని థర్మోస్టాట్లలో గంటకి కొన్ని నిమిషాలు మాత్రం ఫ్యాన్ తిరిగే ఏర్పాటు ఉంటుంది, చలికాలంలో అది వాడుకోండి.

ప్రశ్న: కార్చిచ్చు పొగ వచ్చిన రోజుల్లో ఏం చేయాలి? మాది అద్దె ఇల్లు, మెషీన్‌లో ఏమీ మార్చడానికి లేదు.
(ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: 2020 సెప్టెంబర్ 9న మీ బే ఏరియాలో పట్టపగలు ఆకాశం నారింజ రంగుకి తిరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2023 జూన్‌లో కెనడా పొగ న్యూయార్క్, న్యూజెర్సీ దాకా వచ్చింది, కాబట్టి ఇది ఒక్క కాలిఫోర్నియా గొడవే కాదు.

పై జవాబుల్లో మెర్వ్ 13 గురించి వెనక్కి లాగాను కదా, పొగ రోజుల్లో మాత్రం అదే కావాలి, ఎందుకంటే పొగ రేణువులు ఒక మైక్రాన్ కన్నా చిన్నవే ఎక్కువ. మీ మెషీన్ తట్టుకుంటుందంటే (ఇంటి యజమానిని అడగండి) ఆ కొన్ని రోజులకీ 13 పెట్టి, ఫ్యాన్ ఆన్‌లో ఉంచి, కిటికీలు మూసేయండి, మీ గాలిలో తేమ తక్కువ కాబట్టి షుగర్ ల్యాండ్ వారి ఇబ్బంది మీకుండదు. పొగ తగ్గగానే ఆ ఫిల్టర్ తీసేయండి. బయటి గాలిని లోపలికి తెచ్చే మూత ఏదైనా ఉంటే అది మూయించండి.

మెషీన్ తట్టుకోలేదా, అద్దె ఇంటికి దీన్ని మించింది లేదు: 20 అంగుళాల బాక్స్ ఫ్యాన్ ఒకటి, 20 × 20 మెర్వ్ 13 ఫిల్టర్లు నాలుగు. నాలుగింటినీ పెట్టె గోడల్లా నిలబెట్టి, బాణాలు లోపలి వైపు ఉండేలా, మూలలన్నీ టేపుతో మూసి, అడుగున అట్ట, పైన ఫ్యాన్ గాలిని పైకి ఊదేలా పెట్టడమే. ఫ్యాన్ మూలల్లోంచి గాలి వెనక్కి పోకుండా గుండ్రంగా కత్తిరించిన అట్ట ఒకటి పైన అంటించండి. 2020లో ఇంజినీరింగ్ ప్రొఫెసర్ రిచర్డ్ కోర్సీ ఇచ్చిన ఆలోచనని టెక్సస్‌లో ఫిల్టర్ల కంపెనీ నడిపే జిమ్ రోసెంతాల్ చేసి చూపించాడు, అందుకే దీన్ని కోర్సీ-రోసెంతాల్ బాక్స్ అంటారు. ఒక్క ఫిల్టర్ అతికిస్తే గాలి అంత బాగా ఆడదు, నాలుగైతే వైశాల్యం పెరిగి దట్టమైన 13లోంచి కూడా సులువుగా పోతుంది, ఫ్రిస్కో వారికి చెప్పిన లెక్కే ఇది. ఫ్యాన్ మాత్రం 2012 తర్వాత తయారైనది, ప్లగ్‌లో ఫ్యూజు ఉన్నది చూసుకోండి. పిల్లలకి బొమ్మలాంటి పని, వాళ్ల చేత చేయించండి.

ప్రశ్న: కొత్త ఇంట్లో గృహప్రవేశం అయి రెండు నెలలైంది. వెంట్లలోంచి తెల్లటి పొడి వస్తోంది. 99 డాలర్లకి డక్ట్ క్లీనింగ్ అని కూపన్ వచ్చింది, వాళ్లే వచ్చి అయొనైజర్ (కరెంటుతో గాలిలోకి అయాన్లు వదిలి శుభ్రం చేస్తుందనే పరికరం) కూడా పెట్టుకోమంటున్నారు.
(ఒక పాఠకురాలు, కమింగ్, జార్జియా)

జవాబు: ఆ పొడి జిప్సమ్ గోడలు రుద్దినప్పటిది అయ్యుంటుంది, కట్టేటప్పుడు మెషీన్ నడిపితే డక్టుల్లోకి పోతుంది. బిల్డర్ పెట్టి వెళ్లిన ఫిల్టర్ ఇంకా అలాగే ఉందేమో ముందు చూడండి, ఉంటే తీసేయండి. మొదటి కొన్ని నెలలూ మెర్వ్ 8 పెట్టి నెలకొకసారి మార్చండి, ఖరీదైనది పెట్టి లాభం లేదు, ఎలాగూ నిండిపోతుంది. డక్టుల్లో నిజంగా సిమెంటు, చెక్కపొట్టు కనబడితే శుభ్రం చేయించాల్సిందే, కానీ వారంటీ ఉండగా ఆ ఖర్చు మీదెందుకవ్వాలి, బిల్డర్‌ని అడగండి. మామూలు ఇళ్లకి అలవాటుగా డక్ట్ క్లీనింగ్ అవసరం లేదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏనే చెబుతుంది. 99 డాలర్ల వాళ్లు తరచుగా లోపలికి వచ్చాక బూజు ఫొటో చూపించి వందల్లోకి ఎక్కిస్తారు.

అయొనైజర్ వద్దు. కొన్ని ఓజోన్ వదులుతాయి, ఓజోన్ ఊపిరితిత్తులకి మంచిది కాదు. కాలిఫోర్నియాలో ఎయిర్ క్లీనర్లు 0.050 పీపీఎం కన్నా ఎక్కువ ఓజోన్ వదలకూడదని నిబంధనే ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఫిల్టర్లు మారుస్తుంటుంది. మా స్ప్లిట్ ఏసీకి అలాంటివి ఉండవా? చల్లదనం తగ్గింది, సర్వీసు అబ్బాయి గ్యాస్ అయిపోయిందన్నాడు. పోయిన వేసవిలో కూడా అదే అన్నాడు.
(ఒక పాఠకురాలు, మియాపూర్, హైదరాబాద్)

జవాబు: ఉంటాయమ్మా, మార్చేవి కాదు, కడిగేవి. ముందు మూత పైకెత్తితే రెండు ప్లాస్టిక్ జాలీలు కనబడతాయి. రోజూ వాడే రోజుల్లో రెండు వారాలకొకసారి తీసి, కుళాయి నీళ్ల కింద వెనక వైపు నుంచి కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. వేడినీళ్లు పోస్తే వంకరపోతాయి. మెట్రో పనులో, పక్కన అపార్ట్‌మెంటు కడుతుండటమో ఉంటే వారానికొకసారి. ఈ జాలీలు పట్టేది దూదీ వెంట్రుకలే, కాయిల్‌ని కాపాడటానికి మాత్రమే, ఊపిరితిత్తుల్ని కాదు. పీఎం 2.5 ఫిల్టర్ అని చిన్న పట్టీ ఇస్తారు కొన్నిటికి, అది జాలీలో కొంత భాగాన్నే కప్పుతుంది, దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఇంకో సంగతి, స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు, గదిలోదాన్నే తిప్పుతుంది, రోజులో కాసేపైనా కిటికీ తెరవండి.

గ్యాస్ అనేది పెట్రోల్‌లా వాడితే అయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతుంటుంది, తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. ఏటా నింపుతున్నారంటే లీకు అలాగే ఉంది, లేదా గ్యాస్ తగ్గనే లేదు. ముందు జాలీలు కడిగి రెండు రోజులు చూడండి. అప్పటికీ చల్లబడకపోతే ఆ అబ్బాయిని ప్రెషర్ గేజ్ పెట్టి మీ ఎదురుగా చూపించమనండి, లీకు ఎక్కడుందో కనిపెట్టి అది మూశాకే గ్యాస్ నింపమనండి, బిల్లు మీద లీకు ఎక్కడ మూశాడో రాయించుకోండి.